పేరు చూసి కాదు, ప్రతిని చూసి కొనండి: నాన్నగారి అలమారా మళ్లీ నింపడం గురించి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని మీ ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి, నాన్నగారి అలమారాలో కింది మూడు అరలు మునిగిపోయాయి. సోవియట్ తెలుగు పుస్తకాలు, చందమామ బైండ్లు, పాత నవలలు, ఇరవై దాకా గ్రామఫోన్ రికార్డులు, నలభై సినిమా డీవీడీలు. వచ్చే ఏడాది ఆయనకు డెబ్భై అయిదు నిండేలోపు వీలైనన్ని ఆన్‌లైన్‌లో కొని పెట్టాలనుకుంటున్నారు. ఇరవై వేలు పక్కన పెట్టారు. కొత్తవి కొనాలా, పాతవి కొనాలా, ఎవరిని నమ్మాలి అని అడిగారు.

ముప్ఫయ్యేళ్లుగా ఇదే నా వ్యసనం. మొదట్లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద గొంతుక్కూర్చుని ఏరుకునేవాడిని. ఇప్పుడు రాత్రి పదింటికి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. రెండు చోట్లా డబ్బు బాగానే తగలేశాను కనుక, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఏమీ కొనకండి. రికార్డులు బురదతో గోనెసంచిలో మెట్ల కింద ఉన్నాయని రాశారు చూడండి, అవి చెత్తబండికి వేయకుండా ఉంటే మీ ఖర్చులో సగం మిగిలినట్టే. రికార్డు చేసే వినైల్ ప్లాస్టిక్కే కదా, దానికి నీళ్లతో వచ్చే నష్టం లేదు. పోయేది అట్ట కవరు, మధ్యలోని కాగితపు లేబులు మాత్రమే. గాడుల్లో ఎండిన మట్టిని మాత్రం ముందే రుద్దకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. మొదట కుళాయి ధార కింద మట్టి కరిగి పోయేదాకా పట్టండి. తరువాత గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసిన చల్లటి నీళ్లతో, మెత్తటి గుడ్డతో, గాడి తిరిగిన వైపే గుండ్రంగా తుడవండి. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పళ్లాలు ఆరబెట్టే స్టాండులో నిలువుగా నిలబెట్టండి. ఎండలో మాత్రం పెట్టవద్దు, అప్పడంలా వంగిపోతాయి. బరువుగా, పెళుసుగా ఉండే, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు ఏమైనా ఉంటే అవి లక్కతో చేసినవి. వాటికి స్పిరిట్ తగలనివ్వకండి, లక్క కరుగుతుంది. నీళ్లలో నానబెట్టకుండా త్వరగా కడిగి త్వరగా తుడిచేయండి. డీవీడీలు కూడా ఇలాగే కడగవచ్చు, కానీ తుడవడం రికార్డుకు తలకిందులు: మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత దారి పొడవునా డేటాను చెరిపేస్తుంది, అడ్డంగా పడిన గీతను యంత్రం దాటుకుని పోగలదు.

పుస్తకాల సంగతి వేరు. ఏడాది పైగా బురదలో అట్టకట్టిన పుస్తకం మీద ఆశ వదులుకోవలసిందే. కానీ పారేసే ముందు ఒక్కోదాని మొదటి నాలుగు పేజీలూ, వెనక అట్టా ఫోను కెమెరాతో తీసి పెట్టుకోండి. ఎందుకంటే, నేను చెప్పదలచిన అసలు సంగతి అక్కడే ఉంది.

ఆన్‌లైన్‌లో పాతవి కొనేవాళ్లు చేసే పెద్ద పొరపాటు, పుస్తకం పేరు వెతికి, దొరికిన మొదటిదాన్ని కొనడం. పేరు ఒకటే అయినా ముద్రణలు పది ఉంటాయి. నాన్నగారి మనసులో ఉన్నది ఆ పదింటిలో ఒక్కటే: ఆ అట్ట, ఆ అక్షరాల సైజు, ఆ బొమ్మలు. మీరు కొనవలసింది ఆ ప్రతిని. అమ్మేవాడు మీ ముందు పెట్టేది మాత్రం రెండు వాక్యాల వర్ణన. ఆ వర్ణనను కొనకండి. ఫొటోలు అడగండి.

ఏ ఫొటోలు? ముఖచిత్రం అందరూ పెడతారు, దానితో పెద్దగా ఉపయోగం లేదు. ముద్రణ వివరాల పేజీ, వెనక అట్ట, పుస్తకం వెన్ను, చివరి పేజీ అడగండి. మన తెలుగు ప్రచురణకర్తల మంచి అలవాటు ఒకటుంది. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎన్ని ప్రతులు, వెల ఎంత అని ఒకే చోట వేసేవారు. ఆ పేజీ చూపించడానికి అమ్మకందారు సాకులు చెబుతుంటే ఆ పుస్తకాన్ని వదిలేయండి.

నాకు జరిగిన ముచ్చట చెబుతాను. ఒకాయన ఒక నవలను 1955 నాటి తొలి ముద్రణ అని మూడు వేలకు పెట్టాడు. వివరాల పేజీ ఫొటో అడిగితే పంపాడు. ‘ప్రథమ ముద్రణ: 1955’ అని స్పష్టంగా ఉంది. దాని కింది వరుస మీద ఆయన బొటనవేలు ఉంది. వెనక అట్ట పంపమన్నాను. ప్రచురణకర్త చిరునామాలో ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడు ఉంది. మన దేశంలో పిన్‌కోడు మొదలైందే 1972 ఆగస్టు 15న. “బొటనవేలు కాస్త పక్కకు జరిపి ఇంకో ఫొటో తీయండి” అన్నాను. ఆ తరువాత జవాబు రాలేదు.

ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. వెల అణాల్లో ఉంటే ఇంచుమించు 1957 ఏప్రిల్‌కు ముందు వేసినది, ఎందుకంటే దశాంశ నాణేలు ఆ నెల ఒకటో తేదీన వచ్చాయి. ‘న.పై.’ అని, అంటే నయాపైసల్లో ఉంటే ఇంచుమించు 1957-64 మధ్యది. 1964లో ‘నయా’ అనే మాట తీసేశారు. అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) పది అంకెలదైతే 2007కు ముందుది, పదమూడు అంకెలదైతే ఆ తరువాతది. అసలు ఐఎస్‌బీఎన్ లేకపోవడం తెలుగు పాత పుస్తకాల్లో మామూలే, దాన్ని చూసి అనుమానపడకండి. పాత సరుకు మీద కొత్త వెల రబ్బరు స్టాంపు కొట్టి అమ్మడమూ ఉండేది కనుక, స్టాంపును కాదు, అచ్చయిన వెలను చూడండి.

మీ నాన్నగారి సోవియట్ పుస్తకాల విషయానికి వద్దాం. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చిల్లర డబ్బులకు దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ రాకడా ఆగిపోయింది. ఇప్పుడు వాటికి అభిమానుల పోటీ ఉంది, ధరలూ అలాగే ఉన్నాయి. అయితే వాటిలో చాలా అనువాదాలను తెలుగు ప్రచురణ సంస్థలు తిరిగి వేశాయి. లోపలి విషయం చదువుకోవాలంటే ఆ కొత్త ముద్రణ చాలు, వంద, రెండు వందల్లో పోతుంది. ఆయనకు కావలసింది ఆ గట్టి అట్ట, ఆ రంగుల బొమ్మలు అయితేనే పాతది వెతకాలి. రెండూ వెతకవద్దు. నాన్నగారిని మాటల్లో పెట్టి, ఏ మూడు పుస్తకాల గురించి ఎక్కువగా తలుచుకుంటున్నారో కనుక్కోండి. ఆ మూడింటికే పాత ముద్రణ. మిగతావన్నీ కొత్తవి.

చందమామల్లో మోసం కంటే లోపాలు ఎక్కువ. మధ్యలో పిన్ను కొట్టిన పత్రిక కదా, పిన్ను తుప్పు పట్టగానే మొదట ఊడేది నడిమి కాగితం. దానితో పాటు నాలుగు పేజీలు, అంటే సరిగ్గా కథ మధ్యలో, పోతాయి. అమ్మేవారికి కూడా ఇది తెలియకపోవచ్చు. అందుకని నడిమి పేజీ తెరిచి, పిన్నులు కనబడేలా ఫొటో పంపమనండి. బైండు చేసిన సంపుటమైతే పన్నెండు ముఖచిత్రాలూ ఉన్నాయా అని అడగాలి. బైండింగు వాళ్లు అట్టలు చింపేసి లోపలి పేజీలే కుట్టడం మామూలుగా జరిగేది. ఇంకొకటి, 1947 జూలై మొదటి సంచిక అసలు ప్రతి నా దగ్గరుందని ఎవరైనా అంటే, ముందు నకలు ముద్రణ కాదని రుజువు చూపమనండి. మామూలు డెబ్భైల, ఎనభైల సంచికలకు మాత్రం పెద్ద ధరలు పెట్టనక్కర్లేదు, అవి లక్షల్లో అచ్చయి ఇంటింటా మిగిలాయి.

ఇక్కడ ఒక కొత్త బెడద గురించి హెచ్చరించాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లను దింపుకుని, ఆర్డరు వచ్చాక ఒక ప్రతి అచ్చువేసి, నిగనిగలాడే అట్ట తొడిగి అమ్మేవాళ్లున్నారు. అట్ట మీద సూర్యాస్తమయం బొమ్మ, లోపల స్కాన్ చేసినవారి వేళ్ల నీడలు, లైబ్రరీ ముద్రలు, సగం కోసుకుపోయిన వరుసలు. పైన పటారం, లోన లొటారం. నూటయాభై పేజీల శతకానికి తొమ్మిది వందలు ఇచ్చాను ఒకసారి. పన్నెండో పేజీ తరువాత పదిహేనోది వచ్చింది. ఇవి వెబ్‌సైట్లలో ‘కొత్త పుస్తకం’ కిందే కనబడతాయి. అందుకే కొనే ముందు ఆ పేరు ఆర్కైవ్‌లో వెతకండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం కాపీరైట్ ముగిసినట్టే కాబట్టి, చదువుకోవడానికి ఆ స్కానే చాలు. అచ్చు కావాలంటే దగ్గరలోని జిరాక్స్ దుకాణంలో స్పైరల్ బైండు చేయించుకోవచ్చు, అదే పుస్తకం నాలుగో వంతు ఖర్చుకు, పేజీలు సరిచూసుకుని మరీ.

కొత్త పుస్తకాల విషయంలో నా పట్టుదల ఒక్కటే: పెద్ద అంగడి వెబ్‌సైట్‌లో చూడండి, ప్రచురణకర్త దగ్గర కొనండి. 150 రూపాయల పుస్తకాన్ని బయటి అమ్మకందారు ఆ సైటులో 600కు పెట్టి ‘అరుదైనది’ అంటాడు. ప్రచురణకర్తకు ఫోను చేస్తే గోడౌనులో కట్టలు ఉంటాయి. మీరు ఎక్కడో ఉన్నా నాన్నగారు ఉన్నది విజయవాడలో. ఏలూరు రోడ్డులో ఒక సాయంత్రం ఆ పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి వస్తే మీ జాబితాలో సగం కొట్టేయవచ్చు, జనవరిలో పుస్తక మహోత్సవం సంగతి సరేసరి. ఆన్‌లైన్ గురించి అడిగితే దుకాణానికి పొమ్మంటాడేమిటి అనుకోకండి. ఇంటర్నెట్‌లో వెతుక్కోవడం, ఊళ్లో కొనుక్కోవడం, ఈ రెండూ కలిసినప్పుడే డబ్బు మిగులుతుంది.

రికార్డుల్లో మాటలు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. వీటికి ప్రపంచమంతటా ఒక శ్రేణుల పద్ధతి ఉంది: మింట్, నియర్ మింట్, వీజీ (వెరీ గుడ్) ప్లస్, వీజీ, గుడ్, పూర్. వినడానికి గుడ్ అంటే బాగున్నట్టే ఉంటుంది. కాదు. ఆగకుండా తిరుగుతుంది, చిటపటలు మాత్రం వర్షంలా వినబడతాయి అని దాని అర్థం. వినడానికి వీజీ ప్లస్ కంటే తక్కువది కొనవద్దు. మన దగ్గర చాలామంది అమ్మకందారులు రికార్డును ప్లే చేయకుండా, ట్యూబ్‌లైటు కింద చూసి శ్రేణి వేస్తారు. అందుకని, “మొదటి పాట ముప్ఫై సెకన్లు ప్లే చేసి వీడియో పంపండి” అనండి. పంపినవాడి దగ్గర వంద ఎక్కువైనా కొనండి.

ధర తేల్చుకోవడానికి డిస్కాగ్స్ అనే సైటు మంచిది. ఒక రికార్డు ఇదివరకు ఎంతకు అమ్ముడైందో అందులో కనబడుతుంది. అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు, మీరు రెండోది చూడండి. లేబులు మీద ఉండే నంబరుతో వెతకండి, సినిమా పేరుతో కాదు. ఒకే సినిమాకు రెండేసి పాటల చిన్న రికార్డులు రెండు మూడు, తరువాత ఎల్‌పీ అనే పెద్ద రికార్డు, మాటలతో మరో ఎల్‌పీ ఉండే వీలుంది. లేబులుకూ చివరి గాడికీ మధ్య నున్నటి వలయంలో గీసిన అక్షరాలను కూడా ఫొటో అడిగితే, ఏ అచ్చో ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

అరుదైనది అనే మాటకు లొంగకండి. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీని ‘అతి అరుదైనది’ అని పెట్టినవాళ్లను నెలకు ఇద్దరిని చూస్తాను. గ్రామఫోన్ ఉన్న తెలుగింట్లో ఆ రికార్డు లేకపోతే ఆశ్చర్యపోవాలి. దానికి నేను ఎప్పుడూ నాలుగైదు వందలు దాటి పెట్టలేదు. నిజంగా దొరకనివి అంతగా ఆడని సినిమాల చిన్న రికార్డులు, నాటకాల 78లు. అవి తక్కువ వేశారు, కొన్నవారూ తక్కువే.

అన్నట్టు, మీ ఇంట్లో రికార్డు ప్లేయరు పని చేస్తోందా? అది కూడా మునిగిపోయి ఉంటే, ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు దొరికే సూట్‌కేసు బొమ్మ ప్లేయరు మాత్రం కొనకండి. మంచి ప్లేయరు సూది రికార్డు మీద దాదాపు రెండు గ్రాముల బరువు వేస్తే ఇవి అయిదారు గ్రాములు వేస్తాయి, కష్టపడి కడిగిన రికార్డు కాస్తా గాడులు అరిగిపోతుంది. 78లకు సూది కూడా వేరు, ఎల్‌పీ సూది వాటి వెడల్పాటి గాడిలో అడుగున దొర్లుతుంది.

సినిమాల గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడ డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. హక్కులున్న సంస్థలే పాత తెలుగు సినిమాలు ఎన్నింటినో యూట్యూబ్‌లో పెట్టాయి, డీవీడీ బొమ్మ కంటే కొన్నిచోట్ల అదే బాగుంది. డిస్కే కావాలంటే రెండు మూడు చూసుకోవాలి. డీవీడీ అని పెట్టి వీసీడీ పంపడం తరచూ జరుగుతుంది. ఒక్క సినిమాకు రెండు మూడు డిస్కులుంటే అది దాదాపు వీసీడీయే, నేటి టీవీలో ముఖాలు ముద్దలుగా కనబడతాయి. డిస్కు అడుగు భాగం తెల్లని వెండి రంగులో ఉంటే ఫ్యాక్టరీ అచ్చు, ఊదా లేదా ఆకుపచ్చ ఛాయ ఉంటే ఎవరో కంప్యూటర్‌లో కాల్చినది. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడి డిస్కులు పంపిస్తామంటే, డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే ప్రాంత సంఖ్య (రీజియన్) అడగండి. అక్కడిది 1, మనది 5. డబ్బా మీద 0 లేదా ‘ఆల్’ అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. 2007లో మోజర్ బేర్ కంపెనీ వచ్చి 34 రూపాయలకే డీవీడీ అమ్మినప్పుడు తెలుగిళ్లలో అవి గుట్టలు పడ్డాయి. అలాంటి డిస్కుకు ఇవాళ అయిదు వందలు అడిగితే నవ్వి ఊరుకోండి. డబ్బా వెనక నిడివి కూడా చూడండి. మాయాబజార్ 1957 నాటి నలుపు తెలుపు బొమ్మ, 2010లో వచ్చిన రంగుల బొమ్మ ఒకటి కావు, రంగులది కుదించినది. నాన్నగారి తరానికి ఈ తేడా మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది.

డబ్బు చెల్లింపు. ఫేస్‌బుక్ గుంపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవారిలో నిజాయితీపరులే ఎక్కువ, నాకు మంచి స్నేహితులు అక్కడే దొరికారు. అయినా కొత్తవారి దగ్గర మొదటిసారి అయిదు వందలు దాటి కొనకండి. పుస్తకం పక్కన ఇవాళ్టి తేదీ, మీ పేరు రాసిన చీటీ పెట్టి ఫొటో తీయమనండి. వేరేచోట నుంచి ఎత్తుకొచ్చిన ఫొటోలతో అమ్మేవాడు ఇక్కడ దొరికిపోతాడు. “డబ్బు వాపసు పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అన్నారంటే అది దొంగతనమే, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఒకవేళ పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. వస్తువు గురించిన తగాదా అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పార్సిలు ఎలా కట్టాలో మీరే చెప్పాలి, వారికి వదిలేయకూడదు. పుస్తకానికి ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద అట్ట. వానాకాలంలో ఇది తప్పనిసరి, ఒకసారి వరద చూసినవారికి నేను చెప్పేదేముంది. ఎల్‌పీని దాని అట్ట కవరులోంచి బయటకు తీసి, లోపలి కాగితపు కవరుతోనే పక్కన పెట్టి, రెండు వైపులా గట్టి అట్టలు వేయాలి. కవరులోనే ఉంచితే దారిలో కుదుపులకు రికార్డు అంచు కవరు కుట్టును చీల్చేస్తుంది. 78లను మాత్రం కొరియరులో తెప్పించుకోవద్దు. ఆరు పంపించుకుంటే నాకు పదకొండు ముక్కలు అందాయి.

పుస్తకాలకు తపాలా శాఖ చవక. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేస్తే పుస్తకాల వాళ్లంతా గోల పెట్టారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. కొంతమంది అమ్మకందారులకు ఇది ఇంకా తెలియదు, మీరే గుర్తు చేయండి. నెమ్మదిగా వస్తుంది గాని ఎక్కడుందో ఫోనులో చూసుకోవచ్చు.

వచ్చిన పాత పుస్తకాన్ని తిన్నగా అలమారాలో పెట్టకండి. దానితో పాటు పురుగు కూడా కాపురానికి వస్తుంది. గాలి చొరబడని సంచిలో మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటకు తీశాక, ఒక రోజంతా సంచి విప్పకుండా ఉంచండి. తొందరపడి విప్పితే చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది. మీ అమ్మగారు ఫ్రీజర్‌లో పుస్తకం చూసి ఏమంటారో నాకు తెలుసు, మా ఇంట్లో ఆ మాటలు ఇంకా నడుస్తున్నాయి.

ఇరవై వేలలో నేనైతే ఇలా సర్దుతాను: నాన్నగారు తలుచుకునే ఆ మూడు పాత పుస్తకాలకు నాలుగు వేలు, కొత్త ముద్రణలకు అయిదు వేలు, చందమామలకు రెండు వేలు. మిగిలినది రికార్డులు కడిగి చూశాక ప్లేయరు మరమ్మతుకో, పాడైనవాటి బదులు కొనడానికో. డీవీడీలకు సున్నా.

కడిగాక ఒక్కో రికార్డు లేబులు ఫొటోలు ఇక్కడే పెట్టండి. లేబులు చెరిగిపోతే ఆ నున్నటి వలయంలోని అక్షరాలు పెట్టినా చాలు, ఏ సినిమాదో చాలావరకు పోల్చగలను. చందమామలు మాత్రం 1976, 77వి కొనవద్దు. నా దగ్గర రెండేసి ప్రతులున్నాయి, నడిమి కాగితాలతో సహా. పోస్టు ఖర్చు మీది.